సీడీ 100 ఇంజన్ అసలు జపాన్ మోపెడ్‌దా? చిన్న జపాన్ బళ్ల కథ తెలిసినవాళ్లు చెప్పండి

#1 | పాతబండి_రాజమండ్రి

అందరికీ నమస్కారం. నాన్నగారి సీడీ 100, 1991 మోడల్, పదేళ్లుగా మా వసారాలో గోనెపట్టాల కింద ఉంది. సంక్రాంతికల్లా రోడ్డెక్కిద్దామని మొన్న ఇంజన్ దింపించాను. హెడ్డు విప్పుతూ మెకానిక్ బాబాయ్ ఒక మాటన్నాడు, అప్పట్నుంచి అది బుర్రలోంచి పోవట్లేదు. "ఇది మోటార్‌సైకిల్ కోసం పుట్టిన ఇంజన్ కాదురా, జపాన్‌లో ఇంటింటికీ పేపర్లు వేసే చిన్న బండి ఇంజన్. దాన్ని తెచ్చి మనకి ఈ ఫ్రేములో కూర్చోబెట్టారు" అని.

నాన్న ఈ బండి మీద నన్ను స్కూల్లో దింపి అటు నుంచి ధవళేశ్వరం డ్యూటీకి వెళ్లేవారు. ముప్పై ఏళ్లు ఇంట్లో ఉన్న బండి గురించి నాకు ఈ మాత్రం కూడా తెలియదా అనిపించింది. ఆ చిన్న బండి ఏది? ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు? తీరిగ్గా రాయండి, ఎంత పెద్దదైనా చదువుతాను.

#2 | సుబ్బు_మెకానిక్_తెనాలి

మీ బాబాయ్ చెప్పింది నిజం. సీడీ 100, తర్వాత వచ్చిన స్ప్లెండర్, రెండిటిదీ ఒకటే ఇంజన్ కుటుంబం. సిలిండర్ చూడండి, నిలబడి ఉండదు, ముందు చక్రం వైపు పడుకుని ఉంటుంది. షెడ్డులో మేం దాన్ని స్లోపర్ ఇంజన్ అంటాం. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 49.5, మొత్తం 97.2 సీసీ. హోండా సూపర్ కబ్ అనే బండిలో 100 సీసీ రకానికి కూడా ఇవే కొలతలు.

అది ఎందుకలా పడుకుందో చెప్తాను. కబ్‌లో పెట్రోల్ ట్యాంకు సీటు కింద ఉంటుంది, సీటుకీ హ్యాండిల్‌కీ మధ్య కాలు దాటించి ఎక్కడానికి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ కింద ఇంజన్ ఇమడాలంటే సిలిండర్ పడుకోవాల్సిందే. మోటార్‌సైకిల్ ఫ్రేములో ఆ అవసరమే లేదు, అయినా వంశం వంశమే కాబట్టి అలాగే వచ్చింది. ప్లగ్ కూడా చూడండి, 10 మిల్లీమీటర్ల సన్న మర. పాత స్కూటర్లకి 14 మిల్లీమీటర్ల లావు ప్లగ్ ఉండేది. 50 సీసీ ఇంజన్ హెడ్డు అంత చిన్నది కాబట్టి వాళ్లు సన్న ప్లగ్‌కి వెళ్లారు, ఆ అలవాటు మన దాకా వచ్చింది.

28 ఏళ్లుగా ఇవే విప్పుతున్నాను. 1997లో హీరో హోండా వాళ్లు స్ట్రీట్ అని ఒక బండి వదిలారు, గుర్తుందా ఎవరికైనా? చేతికి క్లచ్ ఉండదు. అది కబ్ పోలికే. ఇక్కడ నడవలేదు పాపం. దాని క్లచ్ విప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది, తర్వాత రాస్తాను, షాపులో బళ్లున్నాయి.

#3 | చరిత్ర_మాస్టారు

పాతబండి గారూ, మంచి ప్రశ్న వేశారు. మొదటి నుంచీ చెబుతాను.

యుద్ధంలో ఓడిపోయిన జపాన్‌ని ఊహించుకోండి. 1946. రైళ్లు మనుషులతో కిక్కిరిసి, కిటికీల్లోంచి ఎక్కుతున్నారు. పెట్రోల్ రేషన్. పట్నంలో తిండి లేక బియ్యం, దుంపల కోసం పల్లెలకు సైకిళ్ల మీద వెళ్లి మోసుకురావాలి. హమామత్సు అనే ఊళ్లో సొయిచిరో హోండా అనే ఆయన ఉన్నాడు. కమ్మరి కొడుకు. యుద్ధ కాలంలో పిస్టన్ రింగుల ఫ్యాక్టరీ నడిపి, యుద్ధం అయ్యాక ఆ కంపెనీలో తన వాటా టొయోటాకి అమ్మేసి ఖాళీగా ఉన్నాడు.

ఒక స్నేహితుడి ఇంట్లో ఆయనకి సైన్యం వదిలేసిన చిన్న ఇంజన్ కనబడింది. వైర్‌లెస్ సెట్టుకి కరెంటు ఇచ్చే జనరేటర్‌ది. దాన్ని సైకిల్‌కి బిగిస్తే? ట్యాంకు ఏదీ? ఇంట్లో పడక వెచ్చగా ఉండటానికి వాడే వేడినీళ్ల డబ్బా ఉంది, అదే మొదటి ట్యాంకు అయింది.

తొలి సవారీ చేసింది ఆయన భార్య సాచి. బియ్యం కోసం అన్ని మైళ్లు తొక్కే కష్టం ఆవిడదే. జనం చూస్తారని తన దగ్గరున్న వాటిలో మంచి మొంపె వేసుకుని వెళ్లింది. మొంపె అంటే యుద్ధ కాలంలో ఆడవాళ్లు వేసుకున్న వదులు పంట్లాం. ఊరంతా తిరిగి ఇంటికొచ్చి చూసుకుంటే బట్టల నిండా నూనె చిమ్మి ఉంది. ఇలా అయితే కొన్నవాళ్లు తిరిగొచ్చి తిడతారని మొగుడికి మొహం మీదే చెప్పింది. మామూలుగా అయితే ఊరుకోమని కసిరే మనిషి, ఆ రోజు మాత్రం ఆలోచనలో పడ్డాడు, వెళ్లి సరిచేశాడు. చిన్న బళ్ల చరిత్ర మొత్తంలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది.

దొరికిన ఇంజన్లు దాదాపు 500. అవి అయిపోయాక 1947లో సొంతంగా 50 సీసీ ఇంజన్ చేశాడు, అదే ఏ టైపు. నడుస్తుంటే వచ్చే చప్పుడుని బట్టి జనం దాన్ని "బటాబటా" అన్నారు. మనం బుల్లెట్‌ని డుగ్గుడుగ్గు బండి అన్నట్టే. పెట్రోల్ చాలక పైన్ చెట్ల వేళ్ల నుంచి తీసిన నూనె కలిపి నడిపేవారు, బండి వెళ్లిన వీధంతా ఆ వాసనే.

#4 | టూస్ట్రోక్_వరంగల్

మాస్టారూ, చిన్న సవరణ. హోండా కంపెనీ పుట్టింది 1948 కదా? 1946 అని చాలామంది రాస్తారు.

#5 | చరిత్ర_మాస్టారు

రెండూ సరైనవే నాయనా. 1946 అక్టోబరులో పెట్టింది ఒక షెడ్డు, దానికి పరిశోధన సంస్థ అని బోర్డు తగిలించాడు. కంపెనీగా రిజిస్టర్ అయింది 1948 సెప్టెంబరు 24న, పది లక్షల యెన్‌ల మూలధనంతో.

#6 | హమామత్సు_తెలుగోడు

నేను ఉద్యోగం మీద ఈ ఊళ్లోనే ఉంటున్నాను, అందుకే రాయకుండా ఉండలేకపోయాను. హోండా, సుజుకి, యమహా, ప్రపంచంలో పేరున్న ఈ మూడూ ఈ ఒక్క ఊళ్లోనే మొదలయ్యాయని మన వాళ్లలో చాలామందికి తెలియదు. వచ్చిన కొత్తలో నాకూ తెలియదు.

కారణం ఏంటంటే, ఈ ప్రాంతం పత్తికీ నేతకీ పేరు. మగ్గాలు చేసే చోట వడ్రంగులు, లోహం పోతపోసేవాళ్లు, లేతు మిషన్ల వాళ్లు అందరూ ఉంటారు. మిచియో సుజుకి 1909లో పెట్టింది మగ్గాల కంపెనీ. యమహా మొదలైంది హార్మోనియం లాంటి రీడ్ ఆర్గన్లతో, తర్వాత పియానోలు, యుద్ధంలో విమానం ప్రొపెల్లర్లు. యుద్ధం అయ్యాక ఆ మిషన్లూ, ఆ పనితనం ఉన్న చేతులూ ఖాళీగా మిగిలాయి. ఈ ఊరి యాసలో "యారమైకా" అనే మాట ఉంది, చేసి చూద్దాం పద అని అర్థం. ఇక్కడి ముసలాళ్లు ఈ మాట అంటూనే ఉంటారు.

సుజుకి వాళ్ల మ్యూజియంలో (టికెట్ లేదు, ముందుగా బుక్ చేసుకుంటే చాలు) 1952 నాటి పవర్ ఫ్రీ ఉంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. మామూలు సైకిలే, పెడల్స్ దగ్గర చిన్న 36 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్ (పిస్టన్ ఒకసారి పైకీ కిందకీ వెళ్తే చాలు, పవర్ ఇచ్చే రకం). తెలివంతా పళ్ల చక్రంలో ఉంది. ఇంజన్ ఆపేసి ఉత్త సైకిల్‌లా తొక్కొచ్చు, తొక్కుతూ ఇంజన్ సాయం తీసుకోవచ్చు, అసలు తొక్కకుండా కూర్చోవచ్చు. షుంజో సుజుకి సైకిల్ మీద చేపలు పట్టడానికి వెళ్లి, తిరుగు దారిలో ఎదురుగాలికి తొక్కలేక, దీనికి ఇంజన్ ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాడట. చలికాలంలో ఇక్కడ గాలి నిజంగానే అలా ఉంటుంది, సైకిల్ మీద స్టేషన్‌కి వెళ్లే నాకు బాగా తెలుసు.

#7 | టూస్ట్రోక్_వరంగల్

సుజుకి పేరు తెచ్చారు కాబట్టి నేనూ వస్తున్నా. అందరూ హోండా హోండా అంటారు గానీ చిన్న ఇంజన్ నుంచి పెద్ద పవర్ లాగింది టూ స్ట్రోక్ వాళ్లే. యమహా మొదటి బండి 1955లో వచ్చిన వైఏ 1, 125 సీసీ. ముదురు ఎరుపు రంగులో సన్నగా ఉంటుంది, జపాన్ వాళ్లు దాన్ని ఎర్ర తూనీగ అన్నారు. జర్మనీ డీకేడబ్ల్యూ ఆర్‌టీ 125 చూసి చేసిందే, అందులో దాపరికం లేదు, యుద్ధం తర్వాత ఇంగ్లండు, అమెరికా, రష్యా వాళ్లు కూడా ఆ జర్మన్ బండినే దింపుకున్నారు. కానీ వచ్చిన ఏడాదే ఫుజి పర్వతం ఎక్కే పందెంలో 125 తరగతి గెలిచింది. పియానోలు చేసేవాళ్ల మొదటి బండి అది!

ఇంకొకటి, ఎర్న్‌స్ట్ డెగ్నర్ కథ. తూర్పు జర్మనీ ఎంజెడ్ టీమ్ రేసర్. టూ స్ట్రోక్ సైలెన్సర్ లోపల పొగ అల వెనక్కి తిరిగొచ్చి కొత్త పెట్రోల్‌ని బయటికి పోనివ్వకుండా సిలిండర్‌లోకే తోస్తుంది కదా, ఆ విద్యలో అప్పట్లో ప్రపంచంలోనే ముందున్నది ఎంజెడ్ ఇంజనీర్ వాల్టర్ కాడెన్. 1961లో డెగ్నర్ భార్యాపిల్లల్ని కారు డిక్కీలో దాచి పశ్చిమానికి దాటించి, తను స్వీడన్ రేసు నుంచి అటే వెళ్లిపోయాడు. ఆ విద్యతో సుజుకిలో చేరాడు. మరుసటి ఏడాది 1962లో మొదటిసారి పెట్టిన 50 సీసీ ప్రపంచ ఛాంపియన్‌షిప్ సుజుకి మీద గెలిచాడు. ఆ తర్వాత 50 సీసీ రేసు బళ్లు ఎంత దూరం వెళ్లాయంటే, 1967 సుజుకి ఆర్‌కే 67కి 14 గేర్లు. పవర్ వచ్చే ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) హద్దు అంత ఇరుకుగా ఉండేది మరి.

నా యమహా ఆర్‌ఎక్స్ 100 ఇప్పటికీ ఇంట్లో ఉంది, రోజూ తుడుస్తాను, ఎవరికీ అమ్మను.

#8 | పాతబండి_రాజమండ్రి

ఇంత వస్తుందనుకోలేదు, చేతులెత్తి దండం. మాస్టారూ, స్కూటర్ల సంగతేంటి? మనకైతే వెస్పా, లాంబ్రెటా, చేతక్. జపాన్‌లో స్కూటర్ లేదా? సుబ్బన్నా, ఆ క్లచ్ సంగతి మర్చిపోకు.

#9 | చరిత్ర_మాస్టారు

ఉంది, అదీ 1946లోనే. నకాజిమా అని యుద్ధ విమానాలు చేసిన కంపెనీ ఉండేది. విమానాలు చేయొద్దని నిషేధం రాగానే ఫుజి అని పేరు మార్చుకుని రాబిట్ అనే స్కూటర్ చేసింది. మొదటి నమూనాకి చక్రం ఎక్కడిదనుకున్నారు? గింగా అనే బాంబర్ విమానం తోక చక్రం, గోదాములో మిగిలిపోయింది. అదే ఏడాది మిత్సుబిషి సిల్వర్ పిజన్. ఒకటి కుందేలు, ఒకటి పావురం.

తర్వాతి రోజుల్లో రాబిట్ చాలా ఖరీదైన బండి అయింది, గాలి సస్పెన్షన్, గేరు మార్చక్కర్లేని టార్క్ కన్వర్టర్, సెల్ఫ్ స్టార్టు కూడా పెట్టారు. 1968లో ఆగిపోయింది, పిజన్ అంతకు ముందే పోయింది. హోండా కూడా 1954లో జూనో అని ఫైబర్ ఒంటితో ఒక పెద్ద స్కూటర్ చేసి గట్టి దెబ్బ తింది. బరువు ఎక్కువ, ఇంజన్ మూసుకుపోయి వేడెక్కేది. ఆ ఏడాది కంపెనీ మునిగిపోయే దాకా వచ్చింది, బ్యాంకు ఆదుకుంది. స్కూటర్లని కింద నుంచి తినేసింది సూపర్ కబ్, పై నుంచి తినేసినవి చిన్న కార్లు.

#10 | లావణ్య_టోక్యో

ఈ చర్చ చదువుతూ ఆఫీసు పని పక్కన పెట్టేశాను. నేను సూపర్ కబ్ 50 నడుపుతాను, అయిదేళ్ల నుంచి. ఇక్కడ 50 సీసీ బండిని "గెంత్సుకి" అంటారు, ఇంజన్ తగిలించిన సైకిల్ అని దాని అర్థం. మాస్టారు చెప్పిన బటాబటా రోజుల పేరు ఇంకా చట్టంలో అలాగే ఉందన్నమాట. కారు లైసెన్సు ఉంటే చాలు, దీనికి వేరే అక్కర్లేదు. గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు. మూడు, అంతకంటే ఎక్కువ వరసలున్న కూడలిలో నేరుగా కుడికి తిరగకూడదు, ముందు ఎదురుగా దాటి, అక్కడ ఆగి, సిగ్నల్ పడ్డాక మళ్లీ వెళ్లాలి. మొదట్లో నాకు చాలా టెన్షన్‌గా ఉండేది.

పొద్దున నాలుగింటికి మా వీధిలో వినబడే మొదటి శబ్దం పేపర్ వేసే కబ్‌ది. ఆగడం, స్టాండు, పరుగు, మళ్లీ గేరు, ముందుకు. పేపర్ వాళ్ల కోసం 1988లో ప్రెస్ కబ్ అని వేరే రకమే వచ్చింది. ముందు పెద్ద బుట్ట, బుట్టలో పేపర్లు నిండితే లైటు కనబడదని లైటుని బుట్ట ముందుకి జరిపారు. పోస్టాఫీసు వాళ్లకి ఎర్ర కబ్, ఎండీ అంటారు. మీ మెకానిక్ బాబాయ్‌కి ఇదంతా ఎలా తెలిసిందో గానీ సరిగ్గా చెప్పారు.

ఎవరి కోసం చేశారు అని అడిగారు కదా. సోబా అని ఇక్కడ నూడుల్స్ ఉంటాయి. హోటల్ కుర్రాళ్లు ఒక చేత్తో గిన్నెలు పేర్చిన పళ్లెం భుజానికి ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో సైకిల్ నడుపుతూ ఇళ్లకి ఇచ్చి వచ్చేవారు. ఆ కుర్రాడు ఒంటి చేత్తో నడపగలిగేలా బండి ఉండాలని సొయిచిరో హోండా పట్టు. అందుకే ఎడమ చేతికి క్లచ్ లేదు. ఇండికేటర్ స్విచ్చి కూడా చాలా ఏళ్లు కుడి చేతి వైపే ఉండేది, ఎడమ చేతికి ఏ పనీ పెట్టకూడదని.

#11 | సుబ్బు_మెకానిక్_తెనాలి

లావణ్యమ్మా, ఆ సోబా సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్లకి ఆ క్లచ్ ఎందుకు అలా ఉందో అర్థమైంది.

సరే, స్ట్రీట్ బండి. 2003లో ఒక టీచరుగారు తెచ్చారు, గేరు వేస్తుంటే ఎగిరి పడుతోందని. అంతకు ముందు వేరే షాపులో క్లచ్ వైరు సెట్ చేశామని డబ్బులు తీసుకున్నారట. ఆ బండికి క్లచ్ వైరే లేదు! కుడి వైపు కవర్ విప్పాను. లోపల బరువులు అమర్చి ఉన్నాయి. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి లోపలికి ముడుచుకుని ఉంటాయి, క్లచ్ పట్టుకోదు, అందుకే గేరులో ఉన్నా బండి కదలదు, ఆగిపోదు. యాక్సిలరేటర్ తిప్పితే రంగులరాట్నంలో కుర్చీలు బయటికి విచ్చుకున్నట్టు బరువులు విచ్చుకుంటాయి, క్లచ్ పట్టుకుంటుంది, బండి కదులుతుంది.

మరి నడిచే బండిలో గేరు మార్చేదెలా? అక్కడే ఉంది పనితనం. గేరు పెడల్ షాఫ్టుకే ఒక చిన్న లివర్ తగిలించారు. పెడల్ నొక్కుతుండగానే మొదట ఆ లివర్ క్లచ్‌ని విడదీస్తుంది, తర్వాతే గేరు పడుతుంది, పాదం పైకి తీస్తే క్లచ్ మళ్లీ పట్టుకుంటుంది. అంటే మన ఎడమ చెయ్యి చేసే పనంతా పాదమే చేస్తోంది. టీచరుగారు పెడల్ నొక్కి పట్టుకుని యాక్సిలరేటర్ ఇచ్చి ఒక్కసారిగా వదిలేస్తున్నారు, అందుకే ఎగురుతోంది. సర్దుబాటు స్క్రూ పావు తిప్పు తిప్పి, పాదం మెల్లగా వదలండి మేడమ్ అని చూపించాను. నేను డబ్బులు తీసుకోలేదు, ఎందుకంటే ఆ రోజు నేర్చుకున్నది నేను.

#12 | చరిత్ర_మాస్టారు

సుబ్బు గారూ, మీరు రాసినంత తేటగా నేను పుస్తకాల్లో కూడా చదవలేదు.

ఇక ఫుజిసావా సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే. తాకేయో ఫుజిసావా 1949లో హోండాతో కలిశాడు. ఒకాయన ఇంజన్లు, ఇంకొకాయన అమ్మకం, డబ్బు. 1952లో సైకిల్ వెనక చక్రానికి బిగించే కబ్ ఎఫ్ వచ్చింది, తెల్ల ట్యాంకు, ఎర్ర ఇంజన్. దాన్ని అమ్మడానికి మోటార్ డీలర్ల చుట్టూ తిరగలేదు. దేశంలో ఉన్న సైకిల్ షాపులకి, యాభై వేలకు పైగా, ఒక్కొక్కరికి ఉత్తరం రాయించాడు. మీ నాన్నలు, తాతలు సైకిళ్లు మొదలుపెట్టినప్పుడు ధైర్యం చేశారు, ఇప్పుడు ఇంజన్ కూడా అమ్మండి అనే ధోరణిలో. దాదాపు ముప్పై వేల జవాబులు వచ్చాయి. మూలమూలనా అమ్మే షాపు, బాగుచేసే షాపు ఒక్క దెబ్బకి తయారయ్యాయి.

1956 చివర్లో ఇద్దరూ ఐరోపా వెళ్లి అక్కడి మోపెడ్‌లు, స్కూటర్లు చూశారు. మోపెడ్‌కి శక్తి చాలదు, స్కూటర్ చిన్న చక్రాలు జపాన్ గతుకుల రోడ్లకి పనికిరావు. అందుకే సూపర్ కబ్‌కి 17 అంగుళాల చక్రం పెట్టారు, ఆ కొలత టైరు అప్పటికి జపాన్‌లో లేకపోతే ప్రత్యేకంగా చేయించారు. రూపం జోజాబురో కిమురా అనే కుర్ర డిజైనర్‌ది. నమూనా చూసి ఫుజిసావా ముప్పై వేలు అమ్ముతానన్నాడు. ఏడాదికా అని అడిగారు. నెలకి అన్నాడు! 1958 ఆగస్టులో బండి వచ్చింది, ధర 55 వేల యెన్. 49 సీసీ ఫోర్ స్ట్రోక్, నాలుగున్నర హార్స్‌పవర్. 1960 కల్లా దాని కోసమే సుజుకా అనే ఊళ్లో ఫ్యాక్టరీ కట్టారు. నెలకి ముప్పై వేలు అని లెక్కేసుకుని కట్టిందే అది.

1959లో అమెరికా వెళ్లారు. అక్కడ మోటార్‌సైకిల్ అంటే తోలు జాకెట్ల రౌడీలు అనే పేరు. హోండా మీద వెళ్లేవాళ్లంతా మంచివాళ్లు అని 1963లో ప్రకటనలు వేశారు, తల్లీకూతుళ్లు, కుక్కపిల్లతో మనిషి, విద్యార్థులు, అందరూ కబ్ మీదే.

#13 | టూస్ట్రోక్_వరంగల్

మాస్టారూ, ఒప్పుకుంటాను, కానీ ఒక్క మాట. గెలిచినవాళ్ల కథే చెప్పుకుంటాం. 1950లలో జపాన్‌లో వందకు పైగా బండి కంపెనీలు ఉండేవి. తోహత్సు 50లలో హోండాతో సమానంగా అమ్మింది, 1964లో దివాలా తీసింది, ఇప్పుడు పడవల ఇంజన్లు చేస్తోంది. మారుషో వాళ్ల లైలాక్ అని, చైన్ లేకుండా షాఫ్టుతో నడిచే అందమైన బండి, దాని యజమాని మసాషి ఇటో ఒకప్పుడు హోండా దగ్గర పని నేర్చుకున్నవాడే. అదీ పోయింది. టైర్ల బ్రిడ్జ్‌స్టోన్ కూడా మంచి టూ స్ట్రోక్ బళ్లు చేసి మానేసింది. నలుగురే మిగిలారు, హోండా, సుజుకి, యమహా, కవాసకీ. 1984-86 మధ్య మన దగ్గరికి సుజుకి ఏఎక్స్ 100, హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100, కవాసకీ కేబీ 100 రూపంలో వచ్చింది ఆ నలుగురే. ఆ వంద మందిలో ఇంకో ఇద్దరు బతికి ఉంటే మనం ఏ బళ్లు నడిపేవాళ్లమో అని నేను ఆలోచిస్తుంటాను.

#14 | లావణ్య_టోక్యో

అన్నా, మీరు రేసులు, పవర్ అంటారు, నాకు మాత్రం 1976 ముఖ్యం. ఆ ఏడాది హోండా రోడ్‌పాల్ వదిలింది. ధర 59,800 యెన్, ప్రకటనలో ఇటలీ నటి సోఫియా లారెన్. కిక్కు కొట్టక్కర్లేదు. పాదంతో పెడల్‌ని రెండు మూడు సార్లు నొక్కితే లోపల స్ప్రింగు బిగుస్తుంది, బ్రేకు దగ్గరి లివర్ నొక్కితే ఆ స్ప్రింగు విడిచి ఇంజన్ తిరుగుతుంది. మరుసటి ఏడు యమహా పాసోల్. కాళ్లు రెండూ కలిపి ముందు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు, స్కర్టు వేసుకున్నా ఇబ్బంది లేదు. అప్పటిదాకా సైకిల్ తొక్కుకుంటూ కూరగాయలకి వెళ్లిన ఆడవాళ్లు లక్షల మంది బండి ఎక్కారు. మా పక్కింటి బామ్మకి 78 ఏళ్లు, తన మొదటి బండి పాసోల్ అని ఇప్పటికీ గర్వంగా చెబుతుంది, ఆ రంగు కూడా చెబుతుంది.

ఆ మార్కెట్ కోసమే తర్వాత ఇద్దరూ కొట్టుకున్నారు. 1981లో యమహా కొత్త ఫ్యాక్టరీ కట్టి హోండాని దాటేస్తామని బాహాటంగా చెప్పింది. హోండా కొత్త మోడళ్లు, తగ్గింపు ధరలతో మీద పడింది. 1982లో జపాన్‌లో 32 లక్షలకు పైగా బళ్లు అమ్ముడుపోయాయి, ఎక్కువ భాగం 50 సీసీవే. 1983 మొదట్లో యమహా ఓటమి ఒప్పుకుంది. ఇప్పుడు ఆ 32 లక్షల్లో ఏడో వంతు కూడా అమ్మడం లేదు.

#15 | హమామత్సు_తెలుగోడు

దానికి కొసమెరుపు ఒకటుంది. 2018 నుంచి జపాన్‌లో అమ్మిన యమహా 50 సీసీ స్కూటర్లు హోండా కుమామోతో ఫ్యాక్టరీలో తయారైనవే. అంతగా కొట్టుకున్నవాళ్లు 50 సీసీ బతకడం కష్టమైపోయి ఒకే లైనులోకి వచ్చారు.

2025 మేలో హోండా 50 సీసీ తయారీ ఆపేసింది. 2025 నవంబరు నుంచి వచ్చిన పొగ నిబంధనలకి 50 సీసీ ఇంజన్ని సరిపెట్టడం గిట్టుబాటు కాదు. ఇంజన్ ఎంత చిన్నదైతే సైలెన్సర్‌లో పొగని శుభ్రం చేసే క్యాటలిస్ట్ వేడెక్కడానికి అంత ఆలస్యం అవుతుంది. 2025 ఏప్రిల్ నుంచి చట్టం మార్చారు, 125 సీసీ దాకా ఇంజన్ ఉన్నా పవర్ 4 కిలోవాట్లకి కట్టేస్తే గెంత్సుకి లైసెన్సుతోనే నడపొచ్చు. కబ్ మాత్రం 110లో, 125లో ఉంది. 2017లోనే పది కోట్ల కబ్‌లు పూర్తయ్యాయి, ప్రపంచంలో ఇంకే మోటారు వాహనమూ ఒకే పేరుతో అన్ని తయారు కాలేదు.

#16 | లావణ్య_టోక్యో

నా 50ని అమ్మను. పార్టులు దొరికినన్నాళ్లూ నడుపుతాను.

#17 | పాతబండి_రాజమండ్రి

అందరికీ రుణపడి ఉంటాను. బోరు వేయించాం, కొత్త పిస్టన్, రింగులు, ట్యాపెట్లు సెట్ చేశాం. నిన్న సాయంత్రం నాలుగో కిక్కుకి స్టార్టయింది.

రాత్రి అమ్మకి సాచి గారి కథ చెప్పాను, మొంపె మీద నూనె చిమ్మడం, మొగుడికి చెప్పడం. అమ్మ వెంటనే, "మీ నాన్నకీ చెప్పాల్సి వచ్చింది" అంది. బండి కొన్న వారంలోనే కోటిపల్లి బస్టాండ్ దగ్గర కుచ్చిళ్లు వెనక చక్రం ఊచల్లో పడి పెళ్లినాటి చీర మోకాలి దాకా చిరిగిందట. ఇంక నేనీ బండి ఎక్కను అంటే, నాన్న ఆ సాయంత్రమే వెల్డింగ్ షాపుకి వెళ్లి ఊచలు కోయించి, దగ్గరుండి చీర గార్డు చేయించారట. ఇన్నేళ్లూ అది కంపెనీ గార్డు అనుకున్నాను. ఇవాళ పొద్దున కిందకి వంగి చూస్తే అతుకులు చేత్తో వేసినవే, ఒకటి కాస్త వంకరగా ఉంది. తుప్పు పట్టిందని మొన్న దాన్ని విప్పేసి పక్కన పెట్టించాను. సుబ్బన్నా, దాన్ని మళ్లీ వాడొచ్చా?

#18 | సుబ్బు_మెకానిక్_తెనాలి

వాడొచ్చు తమ్ముడూ, పారేయకు. ఊచ లోపలి దాకా తినేసిందో లేదో సుత్తితో మెల్లగా కొట్టి చూడు, ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. ఉప్పు కాగితంతో తుప్పు గీకి, ముందు ఎర్ర ప్రైమర్ ఒక కోటు, ఒక రోజు ఆరాక నల్ల రంగు రెండు కోట్లు. బోల్టులు మాత్రం కొత్తవి వెయ్యి, 8 మిల్లీమీటర్లవి, స్ప్రింగు వాషరుతో. ఆ వంకర అతుకు మీద గ్రైండర్ పెట్టనివ్వకు.